మా ఇంట్లో పరిచిన వెన్నెముక

చచ్చినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలంటారు. మా బాబాయి దామోదర్ గురించి మంచి మాట్లాడడానికి పోయిన నెల చిక్కడపల్లిలో ఒక హాలు కిరాయికి తీసుకున్నారు. ఇంట్లో కూర్చుని మామూలుగా మాట్లాడుకుంటే అంత మంచి దొరకదని వాళ్ళకూ తెలుసు కాబోలు. వేదిక నిండా పెద్దమనుషులు. వాళ్ళలో సగం మంది ఏ సంస్మరణ సభకైనా అదే శాలువాతో, అదే గొంతు జీరతో వచ్చేవాళ్ళే. పోయినవారి పేరు మాత్రం చేతిలో కాగితం చూసి చదువుతారు. ఒకాయన మా బాబాయిని "శిలాజ శోధక శిరోమణి" అన్నాడు. ఇంకొకాయన, సముద్రగర్భంలోని రహస్యాలను తెలుగుజాతికి తెచ్చి ఇచ్చిన భగీరథుడన్నాడు. నాకు తెలిసి మా బాబాయి సముద్రాన్ని చూసింది ఒక్కసారే. విశాఖపట్నంలో ఎవరిదో పెళ్ళికి పోయినప్పుడు. అప్పుడు కూడా బూట్లలోకి ఇసుక పోయిందని పెళ్ళివాళ్ళ మీద అలిగాడు.

ఆయన కొడుకు నా పక్కకొచ్చి వంగి, "అక్కా, నువ్వు గూడ రెండు ముక్కలు మాట్లాడరాదు. డాడీకి నువ్వంటే మస్తు ఇష్టముండె" అన్నాడు. నాకు గొంతు బాగాలేదన్నాను. నిజానికి నా గొంతు ఈ వయసులో కూడా గంటలా ఉంది. అక్కడ విప్పితే ఆ పూలదండ, ఆ ఫ్లెక్సీ, ఆ శిరోమణి ఏదీ మిగలదు, అంతే. పెట్టిన సమోసా తిని, టీ తాగి, నడుచుకుంటూ అశోక్‌నగర్‌లో నా ఇంటికి వచ్చేశాను. అక్కడ చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను. ఇందులో శిరోమణులెవరూ ఉండరని ముందే చెప్పేస్తే మంచిది.

ఈ రాళ్ళ పిచ్చి మా ఇంట్లో మొదలుపెట్టింది తాత. ఆయన రైల్వేలో గూడ్సు గార్డు. రాజమండ్రి దగ్గర ఒకసారి బండి చాలాసేపు నిలిచిపోతే, కాలక్షేపానికి దిగి తిరుగుతూ, సున్నం బట్టీ కోసం పోసిన రాళ్ళకుప్పలో మరమేకులా మెలికలు తిరిగిన గవ్వ ఒకటి చూశాడట. గవ్వ రాయిని అంటుకుని లేదు, రాయి లోపల ఉంది. సముద్రం అక్కడికి దగ్గరేం కాదు. గవ్వ అంతదూరం ఎట్లా వచ్చింది, రాయిలోకి ఎట్లా పోయింది? తాత ఈ ప్రశ్న అడగని మనిషి లేడు. పూజారి, పరశురాముడు గొడ్డలి విసిరి సముద్రాన్ని వెనక్కి పంపిన కథ చెప్పాడు. రైల్వే దొర, డ్యూటీలో తాగొద్దన్నాడు. అర్థంలేని జవాబులు విని విని తాత మనుషులను అడగడం మానేసి రాళ్ళనే ఏరడం మొదలుపెట్టాడు. ఆయన పోయేనాటికి మంచాల కింద కిరోసిన్ డబ్బాల నిండా గవ్వలు, ఆల్చిప్పలు రాళ్ళై ఉన్నాయి. అవన్నీ మా బాపుకు వచ్చాయి. తాత ఆస్తిలో బాబాయికి రావలసింది బాబాయి చదువు రూపంలో అప్పటికే తీసుకున్నాడు.

బాపు కరెంటాఫీసులో గుమాస్తా. చిక్కడపల్లి గల్లీలో మేడమీద రెండు గదులు, వంటిల్లు. అమ్మ నారాయణగూడలో ఒక ఆడపిల్లల బడిలో డ్రాయింగు టీచరు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు మంచం కింద ఏముందో చూద్దామని డబ్బా లాగితే రాళ్ళు బయటపడ్డాయట. ఇంకొకరైతే పుట్టింటికి కబురు పెట్టేవాళ్ళు. అమ్మ ఒక రాయి తీసి కిటికీ దగ్గర పెట్టుకుని బొమ్మ గీసింది. ఆ బొమ్మ చూశాక బాపు, తాను అన్నేళ్ళుగా ఆ రాయిని చేత పట్టుకున్నాడే తప్ప చూడలేదని ఒప్పుకున్నాడు. మా బాపులో నాకు నచ్చిన గుణం ఈ ఒప్పుకోవడమే. నచ్చని గుణం కూడా అదే. ఎవరు ఏమన్నా ఒప్పుకునేవాడు. ముఖ్యంగా తమ్ముడు అంటే.

పొద్దున నల్లా వచ్చే వేళకు మా ఇంట్లో బకెట్ల కోసం యుద్ధం జరిగేది. రెండు బకెట్లలో ఎప్పుడూ మట్టిపెళ్ళలు నానుతూ ఉండేవి. వేసవి ప్రయాణాల్లో సంచుల్లో తెచ్చిన ఆ బూడిదరంగు బంకమట్టి నానితే లోపలున్నది దానంతటదే వదులవుతుంది. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. తొలకరి వాన వాసనలా మొదలై, సాయంత్రానికి పాడుబడ్డ బావి వాసనగా మారేది. దానిమీద స్టవ్వు కిరోసిను వాసన, ఎల్లిపాయ కారం వాసన. బడినుంచి వచ్చి అమ్మ కాళ్ళు కడుక్కుని, పాత పళ్ళబ్రష్షు, గోనెసూది పట్టుకుని పీట మీద కూర్చునేది. సూదికొనతో మట్టిని గింజ గింజగా తీసేది. అన్నం మాడినా లేచేది కాదు. మాడిన అన్నం మీద మజ్జిగ పోసుకుని తినడం మా ఇంటి ఆచారం.

నాయనమ్మ పద్ధతి వేరు. పొట్టేలు కొమ్ములా చుట్టలు చుట్టుకున్న రాళ్ళు కొన్ని వచ్చేవి. ఒకప్పుడు సముద్రంలో తేలుతూ బతికిన ప్రాణి గూళ్ళవి. ఆమె వాటిని చూడగానే శాలిగ్రామాలని గూట్లో పెట్టి కుంకుమ దిద్దేది. "సచ్చినయి ఇంట్ల వెట్టుకుంటే అరిష్టమే. గూట్లో వెడితే దేవుడైతడు, మంచం కింద పెడితే పీనుగైతది" అనేది. అమ్మ వాదించేది కాదు. మంచివి తీసుకుని, విరిగినవి గూట్లో పెట్టేది. నాయనమ్మ విరిగిన దేవుళ్ళకే తృప్తిగా పాలు పోసేది. ఇంట్లో ఉన్న మతాలన్నిటిలో హాని తక్కువది అదే.

వేసవి సెలవుల్లో అందరి పిల్లలూ అమ్మమ్మల ఇళ్ళకు పోతే, మేం రాళ్ళ కోసం తమిళనాడులోని అరియలూరు పోయేవాళ్ళం. నాంపల్లిలో రైలెక్కి, మద్రాసులో దిగి, ఇంకో స్టేషనుకు పరుగెత్తి ఇంకో రైలు. సర్వప్పలు, పల్లీల పొడి, మట్టికూజాలో నీళ్ళు. అక్కడొక సత్రంలో దిగేవాళ్ళం. తెల్లవారుతూనే బయలుదేరితే ఊరవతల వాగులు కోసిన మట్టిగుట్టలు. చెట్టు లేదు, నీడ లేదు. వానలకు కోసుకుపోయిన ఆ గుట్టల మధ్య అద్దం పెంకుల్లాంటి రాతిపలకలు ఎండకు కళ్ళు పొడిచేవి. బాపు సుత్తి పట్టుకుని ముందు ముందు పరుగులాంటి నడకతో పోతూ కనబడిన బండనల్లా కొట్టేవాడు. అమ్మ కొంగు తలకు చుట్టుకుని, పెళ్ళికూతురిలా నెమ్మదిగా, నేల చూస్తూ నడిచేది. "వాన మనకంటే ముందే కొట్టిపెట్టింది. కొట్టిందాన్ని చూడక మళ్ల కొడుతవెందుకు?" అనేది. దొరికినవాటిలో ముక్కాలువంతు అమ్మకే దొరికేవి.

అట్లా ఒక ఎండాకాలం అమ్మకు గుండ్రటి ఎముక ఒకటి దొరికింది. రెండు పక్కలా మూకుడులా లోపలికి గుంట, అరచేతినిండా బరువు. మరుసటి ఏడు అదే వాగుకోతలో కొంచెం పైన మరికొన్ని. ఆ తర్వాతి ఏడు ఇంకొన్ని. అన్నీ ఒకే జంతువువి అని అమ్మకు అనుమానం. సైజువారీగా పేర్చి చూద్దామంటే బల్ల లేదు. వంటింటి గడప దగ్గర చిన్నది పెట్టి, పక్కన కొంచెం పెద్దది, ఆ పక్కన ఇంకొంచెం పెద్దది, వీధి తలుపు దాకా పేర్చింది. అది తోక నుంచి పైకి పాకే వెన్నెముక. కొన్ని నెలలు అది అట్లాగే నేల మీద ఉంది. నీళ్ళబిందెతో దాని మీదుగా దాటడం, పక్క బట్టలు దాని పక్కన పరచుకోవడం మాకు అలవాటైపోయింది. పక్కింటామె చక్కెరకు వస్తే, "తొక్కకురి అత్తమ్మా, పడుకున్నది" అనేవాళ్ళం. ఆమె ఆ తర్వాత చక్కెరకు రాలేదు.

బాబాయి మాత్రం ప్రతి ఆదివారం వచ్చేవాడు. నారాయణగూడలోనే ఒక ప్రైవేటు కాలేజీలో ఆయన కెమిస్ట్రీ లెక్చరరు. ఆ కాలేజీ ఇప్పుడు లేదు, దానివల్ల లోకానికి నష్టమూ లేదు. ఇస్త్రీ మడత నలగని సఫారీ సూటు, స్కూటరు, వెంట ఎవరో ఒక స్నేహితుడు. "రా రా, జర మా అన్న పిచ్చి చూపిస్త" అని మెట్ల మీదనుంచే వినబడేది. జూకు తీసుకొచ్చినట్టు తీసుకొచ్చేవాడు. జూలో జంతువులు తమను చూడ్డానికి వచ్చినవాళ్ళకు టిఫిను చేసిపెట్టవు, అదొక్కటే తేడా. అమ్మ చేసిన సర్వప్ప తింటూ, బూటుకొనతో వెన్నుపూసను కదిపి, "వదినా, గిది ఎద్దు బొక్క గాదా? బీఫ్ మార్కెట్ల కుప్పలకు కుప్పలు దొరుకుతయి" అనేవాడు. స్నేహితుడు నవ్వేవాడు. బాపు కూడా నవ్వేవాడు. బాపు నవ్విన ఆ నవ్వును నేను ఇప్పటికీ క్షమించలేదు.

ఆయన విజ్ఞానం ఎంతటిదో ఒకరోజు కళ్ళారా చూశాం. చుట్టలు తిరిగిన పెద్ద గూడు ఒకదాన్ని అమ్మ రెండు నెలలుగా శుభ్రం చేస్తోంది. బాబాయి వచ్చి, "గింత సేపా? సైన్సు తెల్వకుంటే గిట్లనే ఉంటది" అని, లాబు నుంచి తెచ్చిన ఆసిడ్ దానిమీద పోశాడు. అది బుసబుసమని పొంగింది. నురగ తగ్గాక చూస్తే సన్నని గీతలు, ముడులు అన్నీ పోయి, చప్పరించి వదిలేసిన పిప్పరమెంటు బిళ్ళలా మిగిలింది. సున్నపురాయి మీద ఆసిడ్ పోస్తే ఏమవుతుందో నల్లబల్ల మీద రాసి పిల్లలకు చెప్పే ఉద్యోగం ఆయనది. ఆ మాట అమ్మ అంటే, "అది సిలబస్ వదినా, ఇది వేరే" అన్నాడు. లోకంలో చాలామంది చదువుకున్నవాళ్ళ లోపల ఉన్న గోడ ఆరోజు నాకు కనబడింది. గోడకు ఇటుపక్క పరీక్ష, అటుపక్క ప్రపంచం.

అంతలో కలకత్తా నుంచి ఒకావిడ వచ్చింది. విశ్వవిద్యాలయంలో శిలాజాల మీద పనిచేసే పెద్ద ప్రొఫెసరు. అరియలూరు సత్రంలో ఎవరో, హైదరాబాదు నుంచి ఒక కుటుంబం ఏటా వచ్చి రాళ్ళు మోసుకుపోతుందని చెప్పారట. ఇక్కడ ఏదో సమావేశానికి వచ్చి, ఇల్లు వెతుక్కుంటూ చిక్కడపల్లికి వచ్చింది. ముతక నూలు చీర, అరిగిన చెప్పులు. తలుపు దగ్గరే ఆగిపోయింది. కాళ్ళ ముందు వెన్నెముక. చెప్పులు విడిచి, నేల మీద కూర్చుని, ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని మళ్ళీ అదే చోట పెడుతూ వంటిల్లు దాకా జరుగుతూ పోయింది. నాయనమ్మ భయపడి, "ఏమైందే గామెకు, మూర్ఛనా?" అంది.

ఆదివారం కాబట్టి బాబాయి ఉన్నాడు. ఆవిడ తలెత్తి, "యే కిస్‌కో మిలా?" అని, ఇది ఎవరికి దొరికిందని అడిగింది. బాపు నోరు తెరిచేలోగా బాబాయి ఇంగ్లీషు అందుకున్నాడు. ఇదంతా కుటుంబం చేసిన కృషి, మార్గదర్శనం మాత్రం తనది అని. ఆవిడ మర్యాదగా విని, అయితే దీని తల ఎటువైపు ఉండాలి అంది. బాబాయి రెండు చివరలూ చూసి, వంటింటివైపు చెయ్యి చూపించాడు. తోకవైపు. అమ్మ టీ గ్లాసులు కిందపెట్టి, "తల గీడ ఉండాలె, తలుపు దిక్కు. ఇంక దొరకలే" అంది. ఆ తర్వాత ఆవిడ మా బాబాయి ఉన్న వైపు తిరగలేదు. అమ్మ బొమ్మలు తెప్పించుకుని చూసింది. అది డైనోసార్ల కాలంలో సముద్రంలో చేపలా ఈదిన పెద్ద బల్లిజాతి ప్రాణి అని, ఊపిరి కోసం పైకి వచ్చేదని, మన దేశంలో ఇంత వరుసగా దొరకడం అరుదని చెప్పింది. వానాకాలం పోగానే సామాన్లతో వచ్చి కొలతలు తీసుకుంటానని, అందాకా కదిలించవద్దని చెప్పి వెళ్ళింది. పోతూ పోతూ అమ్మ చేతులు పట్టుకుంది. అమ్మ చేతుల నిండా సూదిగాట్లు.

తనను కాననట్టు ఉన్న ఆవిడ తీరును బాబాయి ఓర్చుకోలేకపోయాడు. ఎద్దు బొక్కలు ఒక్క వారంలో జాతి సంపద అయిపోయాయి. అమ్మ బడికి పోయిన ఒక మధ్యాహ్నం కాలేజీ అటెండర్లతో వచ్చి, "అన్నా, గిట్ల నేల మీద పెడితే పాడైతయి. మా కాలేజ్‌ల అద్దాల అల్మారాల పెడత. పేరు మనదే ఉంటది" అని బాపును అడిగాడు. బాపు ఒప్పుకున్నాడు. సాయంత్రం అమ్మ వచ్చి తలుపు తీస్తే నేల ఖాళీ. అమ్మ చేతిసంచి కింద పెట్టకుండా అట్లాగే నిలబడి, "అడిగిండు, ఇచ్చినవు" అంది. అంతే. ఆరోజు మా ఇంట్లో అన్నం మాడలేదు, ఎవరూ తినలేదు.

దసరా సెలవులయ్యాక అమ్మ నన్ను వెంటబెట్టుకుని కాలేజీకి పోయింది. అద్దాల అల్మారాలో ఆటల పోటీల్లో గెలిచిన కప్పులు ఉన్నాయి. అటెండరును అడిగితే, "అవా? అల్మార్ల జాగ సరిపోక మూలకు వెట్టిన్రమ్మా. సున్నాలేసేటప్పుడు పెచ్చులు, మలబతోని కలిసి పోయినయి. సైకిల్ స్టాండ్ కాడ గుంతల పోసి కాంక్రీట్ ఏసిన్రు" అన్నాడు. పాపం అతను దాపరికం ఎరగడు. మేం సైకిల్ స్టాండు దగ్గరికి పోయాం. నున్నటి కొత్త సిమెంటు. దానిమీద వరుసగా సైకిళ్ళు. అమ్మ చెప్పులు విడిచి సిమెంటు మీద నిలబడింది. ఎవరో చెబితే బాబాయి వచ్చాడు. సుద్ద పొడి దులుపుకుంటూ, "వదినా, పరేషాన్ గాకు. అసలు నాకే చెప్పలే ఎవ్వరు. రాళ్ళే గద, మళ్ల పోతే మళ్ల దొరుకుతయి" అన్నాడు.

అమ్మ అరవలేదు. "దామోదర్, కోట్ల ఏండ్లు మన్నుల చెక్కుచెదరకుండ ఉన్న ప్రాణం. నీ చేతుల ఒక్క వానకాలం ఆగలే" అని, చెప్పులు వేసుకుని బయటికి వచ్చింది. ఇంటి దగ్గర మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. నేను అమ్మ ఏడవడం చూడడం అదే మొదటిసారి.

తర్వాతి ఆదివారం బాబాయి మామూలుగానే వచ్చాడు. అట్లాంటివాళ్ళు ఎప్పుడూ మామూలుగానే వస్తారు. "అన్నా" అని పిలిచాడు. బాపు కుర్చీలోంచి లేచి, రా అనకుండా, వంటింట్లోకి పోయి అమ్మ పక్కన కూర్చుని ఒక మట్టిపెళ్ళ చేతిలోకి తీసుకుని సూదితో గీకడం మొదలుపెట్టాడు. బాబాయి కాసేపు గదిలో ఒక్కడే కూర్చుని వెళ్ళిపోయాడు. చెప్పుకోవడానికి ఇది చిన్న సంగతే. మా బాపు జీవితంలో ఇంతకంటే పెద్ద యుద్ధం లేదు.

కలకత్తా మేడం వచ్చింది, విన్నది, ఖాళీ నేల చూసింది. మిగిలింది అమ్మ బొమ్మలే. ప్రతి పూసనూ ముందునుంచి, పక్కనుంచి, అసలు సైజులో గీసినవి. ఆ ఎండాకాలం ఆవిడ కూడా మాతో అరియలూరు వచ్చింది. వాగుకోత పైఅంచున, అమ్మ తల ఉండాలన్న చోట, మోకాళ్ళ మీద కూర్చుని ఇద్దరు ఆడవాళ్ళు బ్రష్షులతో మట్టి తోశారు. మొదట పన్ను ఒకటి, తర్వాత పళ్ళ వరుసతో దవడ బయటికి వచ్చింది. బాపు సుత్తి ఎత్తితే ఇద్దరూ ఒకేసారి కేకేశారు. ఆ దవడ కలకత్తాలో ఉంది. దాని గురించి అచ్చయిన వ్యాసంలో అమ్మ బొమ్మలున్నాయి, కనుక్కున్నవారిగా అమ్మ పేరుంది. బాబాయికి ఈ సంగతి తెలియదు. అచ్చయినదాన్ని చదివే అలవాటు ఆయనకు లేదు. బాపు పోయాక మిగతా డబ్బాలన్నీ కూడా అమ్మ అక్కడికే పంపించేసి, నా దగ్గరికి అశోక్‌నగర్ వచ్చేసింది.

ఇప్పుడు మా వీధి నిండా పోటీపరీక్షల హాస్టళ్ళు, చదువుకునే గదులు, జిరాక్సు షాపులు. ఊళ్ళనుంచి వచ్చిన పిల్లలు ఒక ప్లేటు ఇడ్లీతో పూట గడుపుకుంటూ కళ్ళు పోగొట్టుకుంటారు. వాళ్ళమీద నాకు జాలి తప్ప ఏమీ లేదు. వాళ్ళ చేతిలో పెట్టే గైడుల మీదే నా అసహ్యం. ఒకసారి తిరగేశాను. శిలాజాల శాస్త్రాన్ని ఏమంటారు, నాలుగు జవాబులు, ఒకటి సరైనది. రాసినవాడి మొహం నారాయణగూడ చౌరస్తాలో హోర్డింగు మీద నవ్వుతూ ఉంటుంది. ఇంకోవైపు, గృహప్రవేశాలకు పోతే హాల్లో చుట్టలు తిరిగిన గూళ్ళు అడ్డంగా కోసి, అద్దంలా పాలిష్ పట్టి, వెనక లైటు పెట్టి ఉంటాయి. ఈశాన్యంలో పెడితే పాజిటివ్ ఎనర్జీ అట. మా నాయనమ్మ కనీసం పాలు పోసేది. అప్పట్లో మూర్ఖులు లేరని నేననను, మా ఇంటికే ప్రతి ఆదివారం వచ్చేవాళ్ళు. కానీ అప్పటి మూర్ఖత్వానికి ఎదురుగా వంటింట్లో పీట మీద సూది పట్టుకుని ఒక మనిషి కూర్చుని ఉండేది. ఇప్పుడు ఆ పీట ఖాళీ.

ఇక చివరి సంగతి. రిటైరయ్యాక బాబాయి ఎక్కడ మైకు దొరికినా "మేము అరియలూరు తవ్వకాలలో ఉన్నప్పుడు" అని మొదలుపెట్టేవాడు. పదేపదే చెబితే జనం నమ్మారు, ఆ తర్వాత ఆయనే నమ్మాడు. ఎవరో ఆయనకు సన్మానం తలపెట్టారు. అమ్మకు అప్పటికి బాగా వయసు మీదపడింది, బాల్కనీలో కుర్చీ దాటి రావడం లేదు. ఆ సన్మానం రోజు పొద్దున బాబాయి పట్టులాల్చీ వేసుకుని కారులో దిగాడు. ఏళ్ళ తర్వాత రావడం. కూర్చోనైనా కూర్చోలేదు. "వదినా, అన్న రాళ్ళల్ల ఒకటి రెండు ఇయ్యరాదు. స్టేజ్ మీద చూపియ్యాలె. జల్దీల ఉన్న."

అమ్మ ఆయన్ని కిందనుంచి పైదాకా చూసింది. ఎదురుగా అపార్ట్‌మెంటు కడుతున్నారు. మా గేటు పక్కనే నల్ల కంకర గుట్టలా పోసి ఉంది. మండి కరిగి గడ్డకట్టిన రాయి అది, అందులో ఏనాడూ ప్రాణి అనేది ఉండదు. "గేటు బయట కుప్ప ఉన్నది సూడు. అండ్లకెల్లి నీకు నచ్చింది ఏరుకో" అంది.

కోపం వచ్చి వెళ్ళిపోతాడనుకున్నాం. ఆయన మెట్లు దిగి నేరుగా కుప్ప దగ్గరికి పోయాడు. లాల్చీ నలగకుండా పైకి పట్టుకుని వంగాడు. ఒకటి తీసి చూసి పారేశాడు, ఇంకొకటి తీశాడు, వేలితో తుడిచాడు. మేస్త్రీ పని ఆపి చూస్తున్నాడు. నాకు నవ్వాగలేదు. అమ్మ నవ్వలేదు, ముందుకు వంగి రెయిలింగు పట్టుకుంది. "నిజంగనే ఏరుతున్నడే" అంది మెల్లగా.

బాబాయి ఒక కంకర ముక్కను ఎండకు ఎత్తి పట్టుకుని కిందనుంచి కేకేశాడు. "వదినా! గిదేందిది? నత్తనా?"

"నత్తనే," అంది అమ్మ. "పైలం. పాకుతది."

ఆయన తలూపి, దాన్ని రుమాల్లో చుట్టుకుని, కారు ముందుసీట్లో పక్కన పెట్టుకుని సన్మానానికి వెళ్ళిపోయాడు.